బంద్ చేసిన బుగ్గలో కరెంటు



జనగామలో మా మేనత్త ఉండే పెంకుటింట్లో నడిమి అర్రకంతా ఒకటే బుగ్గ. దూలానికి బిగించిన గుండ్రటి చెక్క, దాని మీద నల్లటి సీలింగ్ రోజు, అందులోంచి వేలాడే రెండు తీగలు, వాటి చివర ఇత్తడి హోల్డర్. ముప్పై ఏండ్లకు పైగా ఆ హోల్డర్‌లో 60 వాట్ల బుగ్గ వెలిగింది. తర్వాత 9 వాట్ల ఎల్‌ఈడీ వచ్చింది. పోయిన ఎండకాలం మనుమరాలికి సంబంధం కుదిరి, పిల్లగానివాళ్లు ఇంటికి వస్తున్నారంటే, మనుమడు హైదరాబాద్ నుంచి కొత్త లైటు కొనుక్కొచ్చాడు. ఇనుప చట్రం, బంగారు రంగు, చుట్టూ ఆరు చిన్న దీపాలు. ఐటీఐలో ఏండ్ల తరబడి ఎలక్ట్రీషియన్ ట్రేడు పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి బిగించే పని నాకు అప్పజెప్పారు.

“పావుగంట పనే గద మామా” అన్నాడు మనుమడు. నేనూ అంతే అనుకొని స్టూలు ఎత్తుకున్నాను. అప్పుడు అత్త అన్నది: “అల్లుడా, ఈ బుగ్గ బంద్ జేసినంక గూడ రాత్రంత సన్నగ మిణుకుమంటది. నిద్రవట్టనప్పుడు దాన్నే చూసుకుంట పంట. కొత్తది గూడ గట్లనే ఉంటదా?”

ఆమెకు అది చీకట్లో తోడు. నేను స్టూలు కింద పెట్టేశాను.

ఎందుకో చెప్తాను. స్తంభం నుంచి ఇంటికి రెండు తీగలు వస్తాయి. ఒకటి ఫేజు, ఒకటి న్యూట్రల్. న్యూట్రల్‌ను ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే భూమికి కలిపి ఉంచుతారు. ఫేజు తీగకూ మనం నిలబడ్డ నేలకూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. కాబట్టి స్విచ్చు ఎప్పుడూ ఫేజు తీగ మీదనే ఉండాలి. అట్లా ఉంటే, స్విచ్చు బంద్ చేయగానే హోల్డర్ దాకా కరెంటు రాదు. స్విచ్చు న్యూట్రల్ మీద పడిందనుకోండి, అప్పుడు కూడా బుగ్గ ఆరిపోతుంది. కాని ఫేజు మాత్రం హోల్డర్ దాకా వచ్చి అక్కడే కూర్చుంటుంది. కింద నిలబడి చూసేవాళ్లకు రెండూ ఒకటే. స్టూలెక్కి చెయ్యి పెట్టినవాళ్లకు తెలుస్తుంది తేడా.

పాత 60 వాట్ల బుగ్గ వెలగాలంటే పావు ఆంపియరుకు పైగా కరెంటు కావాలి. అందుకే ఈ తప్పు దాని కాలంలో బయటపడలేదు. ఎల్‌ఈడీ అట్లా కాదు. తీగల వెంట, తడిసిన గోడల వెంట జారే అతి సన్నటి కరెంటు కూడా దాని లోపల కూడుకొని కాస్త వెలుగునిస్తుంది. 2015 జనవరిలో ఉజాలా పథకం మొదలై ఎల్‌ఈడీ బుగ్గలు చౌకగా అందిన తర్వాత ఊరూరా ఈ మిణుకు కనబడడం మొదలైంది. చాలామంది బుగ్గ నాసిరకమని తిట్టుకొని మార్చేశారు. కొత్త బుగ్గ కూడా మిణుకుమంది. పాపం, బుగ్గది తప్పు కాదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. మిణుకుమన్న ప్రతి చోటా స్విచ్చు న్యూట్రల్ మీదనే ఉందని కాదు. ఎర్రగా వెలిగే ఇండికేటర్ ఉన్న స్విచ్చు పెట్టినా అట్లాగే మిణుకుతుంది. పక్కపక్కన చాలా దూరం పోయిన తీగల వల్ల కూడా జరగవచ్చు. అయినా అది తేల్చుకునేదాకా ఆ హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే లెక్క.

“ఈ ఇల్లు కట్టినప్పుడు మంచి వైర్‌మనే చేసిండు గదా” అన్నది అత్త. చేసే ఉంటాడు. చెక్క పట్టీల మీద రబ్బరు తొడుగు వైరు, బెత్తెడు బెత్తెడుకు ఒక క్లిప్పు, ఎక్కడా వంకర లేదు. ఆ పని చూస్తే ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కాని ఇంటి లోపల అంతా సరిగ్గా ఉన్నా బయట తారుమారు కావచ్చు. గాలిదుమారానికి సర్వీసు వైరు తెగుతుంది. రాత్రిపూట వానలో ఎవరో వచ్చి మళ్లీ కలుపుతారు. ఫేజు చోట న్యూట్రల్, న్యూట్రల్ చోట ఫేజు పడుతుంది. లైట్లు వెలుగుతాయి, ఫ్యాన్లు తిరుగుతాయి, ఎవరికీ అనుమానం రాదు. కాని ఆ రాత్రి నుంచి ఇంట్లో ప్రతి స్విచ్చూ న్యూట్రల్ మీద ఉన్నట్టే. ఎర్ర తీగ ఫేజు, నల్ల తీగ న్యూట్రల్ అని పాత వైరింగులో రంగును నమ్మి పని చేసేవాళ్లను ఈ తారుమారే దెబ్బతీస్తుంది.

అలాంటి దెబ్బే ఇంకో రకంగా నేనూ తిన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మహబూబాబాద్‌లో, అంటే మా నోటికి అలవాటైన మానుకోటలో, ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. ఆ కాలపు ఇండ్లలో మీటరు పక్కన రెండు పింగాణీ ఫీజులుండేవి, ఒకటి ఫేజుకు, ఒకటి న్యూట్రల్‌కు. న్యూట్రల్‌కు విడిగా ఫీజు గాని స్విచ్చు గాని పెట్టకూడదని 1956 నాటి భారత విద్యుత్ నియమాలలోనే ఉంది. పాత అలవాటు మాత్రం చాలా ఇండ్లలో ఉండిపోయింది. ఒకనాటి సాయంత్రం న్యూట్రల్ ఫీజు కాలిపోయింది. ఇల్లంతా చీకటి. కరెంటు లేదు కదా, పనిలో పనిగా పగిలిన హోల్డర్ మార్చేద్దామని స్టూలెక్కాను. ఫేజు మొత్తం పైనే ఉంది, ముట్టుకోగానే కొట్టింది. కిందపడి మణికట్టు విరిగింది. స్టూలు పక్కనే రోకలి ఉంది. తల దాని మీద పడి ఉంటే ఈ రోజు మీతో మాట్లాడేవాణ్ణి కాను. ఇంట్లో లైట్లు వెలగడం లేదంటే తీగల్లో కరెంటు లేదని కాదు, ఆ దారి ఎక్కడో తెగిందని మాత్రమే. చేరిన ప్రతి బ్యాచికీ నేను చెప్పిన మొదటి పాఠం అదే.

ఎంత కరెంటు మనిషికి ప్రమాదం? లెక్క చూడండి. ప్రాణరక్షణకు పెట్టే ఆర్‌సీసీబీ అనే పరికరం 30 మిల్లీ ఆంపియర్లు దారితప్పితే చాలు, రెప్పపాటులో కరెంటు తెంపేస్తుంది. గుండె లయ తప్పకముందే తెంపాలని పెట్టిన హద్దు అది. 9 వాట్ల ఎల్‌ఈడీ బుగ్గ తీసుకునే కరెంటు రమారమి 40 మిల్లీ ఆంపియర్లు. అంటే మన ఇండ్లలో మామూలు చిన్న బుగ్గ వెలగడానికి పట్టే కరెంటు, ఛాతీ గుండా పోతే, ఆ హద్దు దాటిందే. చేతులు చెమటతో తడిసి ఉంటే మనిషి గుండా అంతకు ఎన్నోరెట్లు పోగలదు. మరి మీటరు దగ్గర ఎంసీబీ ఉంది కదా అంటారు. 6 ఆంపియర్ల ఎంసీబీ అంటే 6,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి దాని లెక్కలోకే రాడు. ఎంసీబీ తీగ కాలిపోకుండా కాపాడేది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. దేశంలో ఏటా 12 వేలకు పైగా మనుషులు కరెంటు తగిలి చనిపోతున్నట్టు జాతీయ నేర గణాంకాల సంస్థ 2019, 2020, 2021 సంవత్సరాల నివేదికలు చెప్తున్నాయి.

ఈ ప్రమాదం ఎరిగినవాళ్లు ఎట్లా పని చేస్తారో చూద్దాం. మన భూపాలపల్లి జిల్లా చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల మొదటి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో పని మొదలుపెట్టాయి. పక్కనే సింగరేణి గనులు. అక్కడ పనిచేసే అన్నలను, తమ్ములను అడగండి, ఏ మోటారు విప్పాలన్నా ముందు ఏం చేస్తారో. ఆ మోటారుకు కరెంటు తెంపి, స్విచ్చుకు తాళం వేసి, తాళంచెవి తమ దగ్గర పెట్టుకొని, ‘పని జరుగుతున్నది’ అని బిళ్ల తగిలిస్తారు. ఊరి లైన్‌మన్‌కూ అదే పద్ధతి. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకోనిదే స్తంభం ఎక్కకూడదు. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ‘ఈ లైను బంద్ చేశాం, నువ్వు తిరిగి చెప్పేదాకా కరెంటు వదలం’ అని ఇచ్చే మాట. ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు వేయబోయి ప్రాణాలు పోగొట్టుకున్న రైతుల కథలు మనకు కొత్తకాదు. ఆ కథల్లో చాలావాటిలో లేనిది ఈ ఎల్‌సీయే.

ఇంట్లో బుగ్గ హోల్డర్ మార్చేటప్పుడు కూడా ఎల్‌సీ తీసుకోవాలి. ఇచ్చేవాళ్లు, తీసుకునేవాళ్లు మనమే. మెయిన్ బంద్ చేయాలి. పాత పింగాణీ ఫీజులుంటే మెయిన్ బంద్ చేసిన తర్వాత రెండూ పీకి జేబులో వేసుకోవాలి. జేబులో ఫీజులుంటే ఇంట్లో ఎవరూ తెలియక మెయిన్ వేసినా కరెంటు రాదు. ఇప్పుడు చాలా ఇండ్లలో ఇన్వర్టర్ ఉంది. మెయిన్ బంద్ చేయగానే అది మేల్కొని అవే లైట్లకు 230 వోల్టులు పంపుతుంది. చదువుకున్న పిల్లలు కూడా మరిచిపోయేది ఇదే. ఇన్వర్టర్‌ను ఆపాలి, దాని నుంచి బోర్డుకు పోయే తీగనూ విడదీయాలి. పొద్దున వెలుతురులో పని పెట్టుకోవాలి. అల్యూమినియం నిచ్చెన వద్దు, చెక్కదో వెదురుదో మేలు. కింద ఒక మనిషి నిచ్చెన పట్టుకొని ఉండాలి, ఊరికే చూస్తూ కాదు, మెయిన్ దగ్గరికి ఎవరినీ పోనీయకుండా.

టెస్టర్ సంగతి కూడా చెప్పాలి. ఎండిన చెక్క స్టూలు మీద నిలబడితే టెస్టర్ సరిగా వెలగకపోవచ్చు, పగటి వెలుతురులో వెలిగినా కనబడకపోవచ్చు. అందుకని మెయిన్ బంద్ చేయకముందే, కరెంటు ఉన్న ప్లగ్గులో పెట్టి అది పని చేస్తున్నదని చూసుకోవాలి. మెయిన్ బంద్ చేసిన తర్వాత పైన రెండు తీగలనూ చూడాలి. పని మొదలుపెట్టే ముందు అదే టెస్టర్‌ను మరోసారి కరెంటున్న చోట, పక్కింట్లోనైనా, పెట్టి చూడాలి. చాదస్తం అనుకోకండి. చెడిపోయిన టెస్టర్ ఎప్పుడూ ‘కరెంటు లేదు’ అనే చెప్తుంది.

ఆ రోజు ఇదంతా చేసి పైకెక్కాను. సీలింగ్ రోజు మూత విప్పగానే రబ్బరు పొర పొడిలా నా మొఖం మీద రాలింది. ఇది ఆ ఒక్క ఇంటి కథ కాదు. పాత బుగ్గ కరెంటును చాలావరకు వేడిగానే మార్చేది. ఆ వేడి పైకి పోయి, నేరుగా సీలింగ్ రోజులోని తీగలను కాల్చేది, రోజూ నాలుగైదు గంటలు, ఏండ్లకేండ్లు. కింద బోర్డు దగ్గర మెత్తగా ఉన్న అదే వైరు పైన బుగ్గ దగ్గర పెంకులా పెళుసెక్కుతుంది. కదపనంతవరకు బాగానే ఉంటుంది. కొత్త లైటు బిగించడానికి వంచామో, పొర పగిలి లోహం బయటపడుతుంది. దాని మీద రెండు చుట్లు టేపు వేసి ‘అయిపోయింది’ అనే పని మంచిది కాదు. పొర గట్టిగా ఉన్న చోటు దాకా కోసి అక్కడినుంచి కొత్త తీగ కలపాలి. అది కూడా కుదరకపోతే బోర్డు నుంచి బుగ్గ దాకా మొత్తం మార్చాలి.

అత్త ఇంట్లో ఉన్నది రాగి. 1960ల నుంచి 80ల దాకా కట్టిన ఇండ్లలో చాలాచోట్ల అల్యూమినియం వైరు ఉంటుంది, బూడిదరంగు తెలుపుతో, గోరు గుచ్చితే గుంటపడేంత మెత్తగా. కొత్త లైట్లన్నింటికీ సన్నటి రాగి పోగుల తీగలు వస్తాయి. ఈ రెంటినీ మెలిపెట్టి టేపు చుట్టడం మన ఊర్లలో మామూలు. అల్యూమినియం గాలి తగలగానే పొర కడుతుంది, ఆ పొర కరెంటును సరిగా పోనీయదు. పైగా వేడికి రాగికంటే ఎక్కువ సాగి, చల్లబడ్డాక ముడుచుకుంటుంది. రోజు రోజుకు జాయింటు వదులవుతుంది, వదులైన కొద్దీ వేడెక్కుతుంది. పెంకుల కింద, ఎండిన కట్టె పక్కన అది రాజుకుంటే ముందు తెలిసేది పొగ వాసనే. మెలి వద్దు. స్క్రూలున్న కనెక్టర్‌లో ఒక్కో తీగకు ఒక్కో స్క్రూ కింద గట్టిగా బిగించాలి, రెండూ ఒకదానికొకటి తగలకుండా. ఏడాదికోసారి విప్పి చూడాలి. వీలున్నవాళ్లు తీగనే మార్చుకుంటే ఈ బాధే ఉండదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మనుమడు తెచ్చిన లైటు డబ్బా విప్పితే మూడు తీగలున్నాయి. గోధుమరంగు ఫేజుకు, నీలిరంగు న్యూట్రల్‌కు, పచ్చ మీద పసుపు చారలది ఎర్తుకు. మా అత్త ఇంటి పైకప్పులో ఉన్నవి రెండే తీగలు. “మూడోదాన్ని కత్తిరించి టేపు చుడుదాం మామా, అందరూ అట్లనే చేస్తరు” అన్నాడు మనుమడు. నిజమే, చాలామంది అట్లనే చేస్తారు. లోపల ఫేజు తీగ రాపిడికి చట్రానికి తగిలిన రోజున ఆ ఇనుమంతా కరెంటే. మూడో తీగ ఉండి, ఎర్తింగు సరిగా ఉంటే, అదే క్షణాన ఫీజు ఎగిరిపోతుంది. లేకపోతే లైటు అందంగా వెలుగుతూనే ఉంటుంది, బూజు దులిపే ఇంటావిడ తడిగుడ్డ పెట్టేదాకా.

జనగామ పక్కనే పెంబర్తి ఉంది. అక్కడి కళాకారుల ఇత్తడి రేకు పనికి దేశమంతా పేరు. అక్కడి వేలాడే ఇత్తడి దీపాన్ని కరెంటు దీపంగా మార్చి నట్టింట్లో పెట్టుకున్నవాళ్లుంటారు. కంటికి ఎంత ఇంపో చెప్పలేను. పెట్టుకోండి, కాని ఇత్తడికి ఎర్తు తీగ తగిలించిన తర్వాతే. ఎర్తు ఇవ్వడం కుదరని ఇంటికి ఇంకో దారి ఉంది. కొన్ని లైట్ల మీద చతురస్రంలో ఇంకో చతురస్రం గుర్తు ఉంటుంది. రెండు పొరల రక్షణతో చేసింది, ఎర్తు అక్కరలేదు అని దానర్థం. రెండు తీగల ఇంటికి అదే సరైన లైటు.

మానుకోట చుట్టుపక్కల తండాల్లో, ఊర్ల చివరి వాడల్లో ఈ సమస్య ఇంకో రకంగా ఉంటుంది. 1988–89లో కుటీర జ్యోతి అనే పథకం వచ్చింది. పేదల ఇంటికి ఒక్క బుగ్గ కనెక్షన్ ఇవ్వడం దాని ఉద్దేశం. ఒక్క బుగ్గకు వేసిన సన్నటి వైరు అది. అలాంటి ఒంటి బుగ్గ ఇండ్లలో తర్వాత ఆ హోల్డర్ నుంచే ఫ్యాన్, ఆ ఫ్యాన్ నుంచే టీవీ, అక్కడినుంచి ఫ్రిజ్. వైరు మాత్రం అదే. కొన్నిచోట్ల న్యూట్రల్ తెగితే నేలలో ఇనుప రాడ్ దిగ్గొట్టి దాన్నే న్యూట్రల్‌గా వాడుకోవడం కూడా చూశాను. బుగ్గ వెలుగుతుంది, కాని వానకు తడిసిన నేలలో ఆ రాడ్ చుట్టూ కరెంటు ఉంటుంది. మేక కట్టేసేది అక్కడే, పిల్లలు ఆడేది అక్కడే. దయచేసి అట్లాంటి రాడ్ మీ వాకిట్లో ఉంటే 1912కు ఫోన్ చేసి న్యూట్రల్ బాగుచేయించుకోండి. స్తంభం దగ్గరి పని లైన్‌మన్‌దే, మనది కాదు.

వానల మాట వచ్చింది కాబట్టి ముంపు సంగతి కూడా చెప్తాను. 2023 జులై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి దగ్గరి మోరంచపల్లిని ముంచింది. జనం ఇండ్ల పైకెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు, హెలికాప్టర్లు రావలసి వచ్చింది. మరుసటి ఏడు సెప్టెంబర్ మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుపట్టాల కింద కంకరే కొట్టుకుపోయింది. నీళ్లు తీశాక గోడ పైకి ఆరినట్టే కనబడుతుంది. లోపలి పైపుల్లో, చెక్క పట్టీల వెనుక, బోర్డు పెట్టెల్లో తడి వారాల తరబడి ఉంటుంది. మునిగిన ఇంట్లో ముందుగా మెయిన్ వేసి చూద్దామనుకోవద్దు. బోర్డులు విప్పి, ఆరబెట్టి, మెగ్గర్ పెట్టి తీగల ఇన్సులేషన్ చూసిన తర్వాతే మెయిన్ వేయాలి. మెగ్గర్ ఉన్న ఎలక్ట్రీషియన్ మీ మండల కేంద్రంలో దొరుకుతాడు.

మళ్లీ అత్త ఇంటికి వస్తే, పావుగంట పని రెండు రోజులు పట్టింది. పర్మిట్ ఉన్న వైర్‌మన్‌ను పిలిచాం. స్తంభం దగ్గర నుంచే ఫేజు, న్యూట్రల్ తారుమారైనట్టు తేలింది. దాన్ని లైన్‌మన్ వచ్చి సరిచేశాడు. బోర్డు నుంచి నడిమి అర్ర దాకా ఒకటిన్నర స్క్వేర్ రాగి వైరు మూడు తీగలుగా కొత్తగా లాగాం. పెరట్లో గుంట తవ్వి, పైపు దించి, కట్టెబొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి ఎర్తింగు చేశాం. ఎండకాలం వారానికో బిందె నీళ్లు పోయమని మనుమడికి చెప్పాను. మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాం, దాని టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కి చూడమని గోడమీద రాశాం. బరువు తీగల మీద పడకుండా లైటును దూలానికి ఇనుప కొక్కేనికి వేలాడదీశాం. పెండ్లివారు వచ్చి పోయారు. లగ్నం కూడా అయింది.

లైటు బిగించిన రాత్రి అత్త స్విచ్చు బంద్ చేసి, “అల్లుడా, గిప్పుడు కన్ను గానరాని చీకటున్నది” అన్నది. మరునాడు ఆమె మంచం పక్కన గోడకు ఒక జీరో బుగ్గ పెట్టించాం.

శ్రోతలారా, ఈ రాత్రి పండుకునే ముందు ఒక్క పని చేయండి. ఇంట్లో లైట్లన్నీ బంద్ చేసి, ఒక నిమిషం చీకట్లో నిలబడి పైకి చూడండి. ఏ బుగ్గయినా సన్నగా మిణుకుమంటుంటే దాన్ని ముట్టుకోవద్దు. రేపు పొద్దున ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఆ స్విచ్చు ఏ తీగ మీద ఉందో చూపించమనండి.